డ్రైవరు గారు ఒప్పుకోని తోవలు

చలికాలం ఆదివారం పొద్దున్న లంబసింగి రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే కావలసింది ధైర్యం కాదు, బుద్ధి లేకపోవడం. మంచు చూద్దామని ఎక్కడెక్కడినుంచో వచ్చిన కార్లు ఒకదాని వెనక ఒకటి ఘాటీ ఎక్కుతూ ఉంటాయి. కిటికీలోంచి నడుం దాకా బయటికి వచ్చి "కమాన్ అంకుల్!" అని చెవిలో అరిచేవాళ్ళు కొందరు. ఆ అరుపుకి నేను రెండుసార్లు కాలవలో పడబోయాను. పాపం, ప్రోత్సాహమే కాబోలు. అలాంటి ప్రోత్సాహం పగవాడికి కూడా వద్దు.

అందుకే నేను కార్లు రాని తోవలు వెతకడం మొదలుపెట్టాను. నర్సీపట్నం దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మేస్టార్ని. షుగరు వచ్చింది, నడవండి అని డాక్టరు అంటే, నడక నాకు విసుగని గేర్ల సైకిల్ కొన్నాను. ఏడాది తిరిగేసరికి షుగరు సంగతి మరిచిపోయి తోవల పిచ్చిలో పడ్డాను. మా ఊళ్ళో బయల్దేరి, చెరకు తోటల మధ్యనుంచో జీడిమామిడి తోటల్లోంచో కొండల్లోకి పోయి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరగలిగే తోవలు పది కావాలి. ఏది ఎంత ఎత్తు, నీళ్ళెక్కడ, నీడెక్కడ, టీ ఎక్కడ, ఏ ఊరి మొదట్లో కుక్కలు వెంటపడతాయి, అన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేవాణ్ణి. వేసవిలో నాకు బదిలీ తప్పదు. ఆలోగా పదీ పూర్తిచేసి, జిరాక్సులు తీయించి, సైకిల్ ఉన్న ప్రతివాడి చేతిలో పెట్టాలని నా పంతం.

చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, ఆ పని ఎంత చిరాకో! ఫోన్లో మ్యాపు రోడ్డుందని చూపిస్తుంది. తీరా వెళ్తే అది ఎవరి జీడితోటలోకో పోయి ఆగుతుంది. కాపలా ముసలాయన లేచి "ఎవురు కావాలి బాబూ?" అంటాడు. రోడ్డు కావాలని ఏం చెప్తాం? కొండ ఊళ్ళలో ఎంత దూరమని అడిగితే ఎవరూ దూరమని చెప్పరు. "దగ్గరే, ఎల్లిపోండి" అంటారు. అలిసినవాడికి దూరం చెబితే కాళ్ళు పడిపోతాయని వాళ్ళ మర్యాద. ఆ మర్యాదని నమ్మి ఒకసారి ఎనిమిది కిలోమీటర్లు చుక్క నీళ్ళు లేకుండా ఎక్కాను. ఇక మైదానం ఊళ్ళలో యాభై దాటినవాడు సైకిల్ మీద కనిపిస్తే ఏదో కష్టంలో ఉన్నాడనే లెక్క. "బండి ఏటయింది మేస్టారూ? పెట్రోలు అయిపోనాదేటి?" కోటవురట్ల అవతల ఒక పెద్దమనిషి, నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా నా సైకిల్‌ని ట్రాలీ ఆటోలో ఎక్కించి, ఊళ్ళోకి తెచ్చి దింపి, "ఇంకెప్పుడూ మొగమాట పడకండి" అని మందలించి మరీ వెళ్ళాడు. ఆ రోజు నేను తొక్కి కొలవాల్సిన రోడ్డంతా ఆటోలో కూచుని కొలిచాను.

వీటన్నిటినీ మించిన చిరాకు డ్రైవరు గారు.

మా వెనక వీధిలో ఉంటారు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపారు, అందులో సగం పైన ఘాటీ రోడ్ల మీదే. నాలుగేళ్ళ కిందట రిటైరయ్యారు. ఒంటరిగా కొండల్లోకి పోతే ఊరుకోనని మా ఆవిడ తెగేసి చెప్పింది కాబట్టి నాకో తోడు కావలసి వచ్చింది. ఆయనకీ ఇంట్లో ఏం తోచడం లేదు. అటక మీది నల్ల సైకిల్ దింపి, తుడిచి, నూనె వేసి, ఒక ఆదివారం మా గేటు ముందు నిలబెట్టారు. అలా రెండేళ్ళ పైమాటే తొక్కాం.

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఒక మాట ముందే చెప్పేస్తాను. ఆ రెండేళ్ళూ డ్రైవరు గారికి చూపు తగ్గుతూ వస్తోంది. కళ్ళలో ప్రెషరు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిస్తే సైకిల్ దింపేస్తారని ఎవరికీ చెప్పలేదు. ఆదివారం ఆదివారం ఆయనతో తిరిగి కూడా నేను కనిపెట్టలేదు. ఇక మీద చెప్పే నా కోపాలన్నీ అది తెలియని మూర్ఖుడి కోపాలని గుర్తుపెట్టుకోండి.

నేను అయిదింటికి బయల్దేరదామంటాను. ఆయన ఏడు కొడితే గానీ గడప దాటరు. "మంచు మేస్టారూ, జలుబు సేత్తాది." ముప్ఫై ఏళ్ళు తెల్లారగట్ల నాలుగింటి బస్సు తీసిన మనిషికి జలుబు! ఏడింటికి బయల్దేరితే సరిగ్గా ఎండ నెత్తికెక్కే వేళకి కొండ ఎత్తు మొదలవుతుంది. చెమటతో కళ్ళు మండుతూ ఎక్కేవాణ్ణి, ఆయన జలుబుని తిట్టుకుంటూ.

పోనీ తోవైనా నేను చెప్పింది వస్తారా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. గొలుగొండ రోడ్డు, డౌనూరు రోడ్డు, తాండవ వైపు రోడ్డు, ఇంకో రెండు మూడు. అన్నీ ఒకప్పుడు ఆయన బస్సు తిరిగినవే. నేను కొత్త తోవ పేరెత్తితే చాలు, వంక సిద్ధం. "ఆ తోవలో కుక్కలెక్కువ." "ఆ తోవలో టీ బాగోదు." "అది నాకు నచ్చలేదు మేస్టారూ." చూడకుండానే ఎలా నచ్చలేదండీ అని అడిగితే నవ్వి ఊరుకునేవారు. నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదు. నా నోట్‌బుక్కు ఏడో తోవ దగ్గర ఆగిపోయింది. మిగిలిన మూడూ ఆయన ఎరగనివి.

తొక్కడమా, పెళ్ళి నడకే. పైగా సైకిల్‌ని బస్సనుకునేవారు. మలుపు వస్తే రెండుసార్లు బెల్లు కొట్టి, రోడ్డు కుడి అంచు దాకా పోయి, అక్కణ్ణుంచి వెడల్పుగా తిరిగేవారు. ఎందుకండీ ఇంత విన్యాసం అంటే "ఎనక సక్రాలు కూడా రావొద్దేటి?" అని హాస్యం ఒకటి. పాత బస్టాపులన్నిటి దగ్గరా ఆగాల్సిందే. దిగి ఒక నిమిషం నిలబడేవారు. ఎవరో ఒకరు "డ్రైవరు బాబూ!" అని కేకేస్తే, ఆ గొంతు విని పేరు పెట్టి పిలిచేవారు. ఇక వాళ్ళ మోకాళ్ళ నొప్పులు, మనవల చదువులు, ఆ ఏడు చెరకు ధర. నేను పక్కన నిలబడి గడియారం చూసుకునేవాణ్ణి.

కొన్నాళ్ళకి నిలబడ్డం మానేశాను. నా పాటికి నేను ముందు వెళ్ళిపోయి, తరవాతి టీ కొట్టు దగ్గర కూచునేవాణ్ణి. రెండు టీలు అయ్యేవి, పేపరు అయ్యేది, అప్పటికి ఎక్కడో దూరంగా ఆ నల్ల సైకిల్ కనిపించేది. ఒక్కోసారి అరగంట. వస్తూనే "మేస్టారు బేగి వచ్చీసినారు" అని నవ్వేవారు తప్ప, ఎందుకు వదిలేసి వచ్చావని ఒక్కనాడూ అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడి మనసు తేలిక చేసుకుందును. ఆ నవ్వుతో ఏం పోట్లాడతాం?

ఒకసారి కొండ కింద ఊళ్ళో రోడ్డు వార పరదా మీద ఆరబోసిన పసుపు కొమ్ముల మీంచి సైకిల్ పోనిచ్చేశారు. ఆ ఇంటావిడ పెట్టిన శాపనార్థాలు నాకు టీ కొట్టు దాకా వినిపించాయి. వెనక్కి వచ్చి ఆవిడని బతిమాలి, చెదిరిన కొమ్ములు ఏరి పరదా మీద వేసి, అప్పుడు ఆయన మీద పడ్డాను. "అంత పచ్చగా పరిచి ఉంటే మీదినుంచి ఎక్కిస్తారా? కష్టపడి పండించుకున్న పంటండీ అది!"

"సూడలేదు మేస్టారూ," అన్నారు తల దించుకుని.

"చూడకపోవడానికి అదేమన్నా ఆవగింజా?"

నిర్లక్ష్యం అనుకున్నాను. డ్రైవరు అన్నవాడికి రోడ్డంతా తనదే అనే పొగరు ముప్ఫై ఏళ్ళకి రక్తంలో ఇంకిపోతుందని, ఆ సాయంత్రం మా ఆవిడ దగ్గర ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

పోయిన ఫిబ్రవరిలో స్టాఫ్ రూములో బదిలీల మాట గట్టిగా మొదలయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీదే తేల్చేశాను. "ఈ ఆదివారం మీరొచ్చినా రాకపోయినా నేను ఎనిమిదో తోవకి పోతున్నాను. మా ఆవిడకి ఏం చెప్పుకోవాలో నేనే చెప్పుకుంటాను." ఆయన నోరు తెరిచేలోగా నేను లేచి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే గేటు చప్పుడు. డ్రైవరు గారి మొహం వెలిగిపోతోంది. "మేస్టారూ, ఒక తోవుంది. మీ పుస్తకంలో లేదు. కార్లు రావు, లారీలు రావు. తొమ్మిదేళ్ళు నైట్ హాల్ట్ బస్సు నడిపినాను. కళ్ళు మూసుకుని తీసుకెల్లిపోతాను, రండి."

ఆదివారం ఆ తోవే పట్టాం. అది డౌనూరు వెళ్ళే రోడ్డులోంచి పక్కకి చీలి, గెడ్డలనే రెండు కొండవాగులు దాటి, కొండ వాలులో ఒక గూడెం దాకా పోతుంది. బస్సు ఎప్పుడో ఆగిపోయింది. నిజం చెప్పొద్దూ, నా నోట్‌బుక్కులో అంత మంచి తోవ ఒక్కటి కూడా లేదు. ఒక పక్క జీడిమామిడి పూత వాసన, రెండో పక్క గెడ్డ. గంటకి ఒక మోటారు సైకిలు వస్తే గొప్ప. ఆయన ముందుగానే చెప్పేస్తున్నారు. "ఇప్పుడు పల్లం. ఇప్పుడు ఎడం పక్క పెద్ద బండ. ఇక్కడ నీడ సల్లగుంటాది, సూడండి." అన్నీ చెప్పిన చోటే ఉన్నాయి. మెచ్చుకోవాల్సింది పోయి, ఇంత మంచి తోవ కడుపులో దాచుకుని ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించారా అని దానికీ కోపం తెచ్చుకున్నాను. విసురుగా తొక్కుకుంటూ ముందుకి పోయాను.

రెండో గెడ్డ ఇంకో అరకిలోమీటరు ఉందనగా నా సైకిల్ గొలుసు ఊడింది. గేర్ల సైకిల్ గొలుసు ఊడితే ఓ పట్టాన ఎక్కదు. చేతులు మసి చేసుకుని రోడ్డు మీద కూచుని ఉండగా వెనకనుంచి డ్రైవరు గారు వచ్చారు. "మీరు వెళ్తూ ఉండండి, అందుకుంటాను" అన్నాను. బెల్లు కొట్టుకుంటూ దాటిపోయారు. గొలుసు ఎక్కించి నేనూ బయల్దేరాను.

అక్కణ్ణుంచి రోడ్డు కొత్తది. నల్లటి తారు, గెడ్డ మీద కొత్తగా కట్టిన చిన్న వంతెన, దారంతా గీత గీసినట్టు తిన్నగా ఉంది. ఎటూ మలుపు లేదు. ఆ తిన్నని రోడ్డు మీద, నేను చూస్తూ ఉండగా, డ్రైవరు గారు రెండుసార్లు బెల్లు కొట్టారు. కుడి అంచు దాకా పోయారు. అక్కణ్ణుంచి వెడల్పుగా, ఏ తొందరా లేకుండా, ఎడమకి తిరిగి పొదల్లోకి వెళ్ళిపోయారు.

ముందు నాకు నవ్వొచ్చింది. ఏదో కొంటె వేషం అనుకున్నాను. ఆ తరవాత ఇనుము రాళ్ళకి కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

వంతెన మీద ఒక గూడెం జంట కొండచీపుళ్ళు ఆరబెట్టుకుంటున్నారు. నాకన్నా ముందు వాళ్ళే పరుగెత్తారు. నేను చేరేసరికి ఆయన్ని లేవదీసి కూచోబెట్టారు. మోచెయ్యి దోక్కుపోయింది, కనుబొమ్మ మీద రక్తం. సైకిల్ ముందు చక్రం వంకరపోయింది. వంతెన లేనప్పుడు రోడ్డు అక్కడే ఎడమకి తిరిగి గెడ్డలోకి దిగేదట. కొత్త రోడ్డు వేశాక పాతదాన్ని తవ్వి, రాళ్ళు పోసి వదిలేశారు.

"అటేపు తోవ లేదు కదా బాబూ," అంది ఆ జంటలో ఆడమనిషి, తన కొంగుతో ఆయన నుదురు అద్దుతూ. "మొన్న వానలకి ముందే తీసేసినారు."

డ్రైవరు గారు నా గొంతు కోసం మొహం తిప్పారు. "మలుపు ఎవురు తీసేసినారు మేస్టారూ?"

నాకు భయం వేసింది. భయం వేస్తే నాకు కోపమే వస్తుంది. అక్కడ పరాయివాళ్ళున్నారని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. "చిన్నపిల్లాడి చేష్టలా ఇవి? రోడ్డు అంత తిన్నగా కనిపిస్తుంటే పొదల్లోకి పోతారా? తల పగిలితే మీ ఆవిడకి నేనేం జవాబు చెప్పాలి? మీతో రావడం నాదండీ బుద్ధి తక్కువ!" ఆయన అంతా విన్నారు. ఊడిపోయిన చెప్పు కోసం చేత్తో వెతుక్కుంటున్నారు. చెప్పు ఆయన కుడికాలికి జానెడు దూరంలోనే ఉంది. చెయ్యి దానికి ఇవతలా అవతలా నేలని తడుముతోంది. నా తిట్లు సగంలో ఆగిపోయాయి.

చెప్పు తీసి కాలికి తొడిగాను. ఆ జంట సైకిల్ పైకి లాగడానికి వెళ్ళాక ఆయనే చెప్పారు.

"తిన్నగా సూత్తే మీ మొకం కనపడతాది. పక్కన ఏటుందో తెలీదు. పొద్దున్న మసకలో అసలే తెలీదు. రెండేళ్ళయింది. పోయిన సూపు రాదని సెప్పీసినారు విశాఖలో. ఉన్నది నిలబడ్డానికి సుక్కల మందు. పాత తోవలైతే సూపుతో పనేటి? ఒంటికే తెలుసు." నా చెయ్యి పట్టుకున్నారు. "ఇంట్లో సెప్పకండి మేస్టారూ. బస్సు దిగిపోయిన రోజు నాను ఏడవలేదు. సైకిలు దిగమంటే ఏడుత్తాను."

నేను ఏమీ మాటివ్వలేదు. ట్రాలీ ఆటో ఒకటి దొరికితే రెండు సైకిళ్ళూ ఎక్కించుకుని దిగాం. కుక్క అడ్డొచ్చి పడ్డానని ఆయన ఇంట్లో చెప్పారు. పక్కన నిలబడి నేను అవునన్నట్టు తలూపాను.

ఆ తరవాత రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. ముందు ఆయన మీద కోపం. ఇంత గుట్టు నా నెత్తిన పెడతారా? చెరకు ట్రాక్టరు కింద పడితే ఆ పాపం ఎవరిది? చెబితే ఆయన బతుకులో మిగిలిన ఒక్క ఆదివారాన్ని లాగేసినవాణ్ణవుతాను, చెప్పకపోతే ప్రాణం మీదికే తెస్తాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తరవాత కోపమంతా నా మీదికే మళ్ళింది. మసకలో బయల్దేరడు. ఎరగని తోవ రాడు. గొంతు వింటే గానీ మనిషిని పలకరించడు. పచ్చటి పసుపు మీంచి పోనిచ్చాడు. పదో తరగతి పిల్లలకి ఇంతకన్నా తక్కువ ఇచ్చి జవాబు రాబట్టమంటాను. రెండేళ్ళు కళ్ళముందున్న లెక్క నేను చెయ్యలేకపోయాను, సరికదా, దాన్ని పొగరని తేల్చి మార్కులు వేశాను.

బుధవారం సాయంత్రం, ఆయన క్షౌరానికి వెళ్ళిన సమయం చూసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య గుమ్మంలో కూచుని చింతపండు గింజలు తీస్తున్నారు. నన్ను చూసి పీట వేశారు. నేను కూచోకుండానే గడగడా చెప్పేశాను, ఎక్కడ మనసు మారుతుందోనని. కళ్ళ ప్రెషరు, చుక్కల మందు, పొదల్లోకి తిరిగిన మలుపు, అన్నీ.

ఆవిడ చెయ్యి ఆగలేదు. గింజ తీసి పక్కన పెట్టి, "తెలుసు బాబూ," అన్నారు.

"తెలుసా!"

"ఆ సుక్కల మందు బియ్యం డబ్బా ఎనకాల దాత్తారు. ఈ ఇంట్లో బియ్యం తీసేది నాను కాదేటి? విశాఖ కాయితం మా కోడలి సేత సదివించుకున్నాను. నాకు తెలుసని ఆయనకి తెలీదు. తెలియనివ్వను."

నాకు ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, నేనొక్కణ్ణే వెర్రివాణ్ణి. "మరి తెలిసీ సైకిల్ మీద ఎలా పంపుతున్నారు అక్కయ్యగారూ? ఏదైనా జరిగితే? ఆపెయ్యొచ్చు కదా!"

అప్పుడు ఆవిడ చింతపండు పళ్ళెం పక్కకి జరిపి, నా వైపు చూశారు.

"ఆపేత్తే ఆ మడిసి మంచానికి అతుక్కుపోతారు బాబూ. మీరున్నారనే పంపుతున్నాను. ప్రతి ఆదివారం వచ్చి సెప్తారు. మేస్టారు ఒక్క అడుగు ముందుకెయ్యరు, నా ఎనకాలే వత్తారు, మలుపు మలుపుకీ సెప్తా ఉంటారు, అని. సొంత తమ్ముడైనా అలాగ సూడడు. మీరున్నంత వరకూ నాకు బెంగ లేదు."

రెండేళ్ళ పైన ఆదివారాలు. అన్నిట్లోనూ ఆయన వెనక నేను తొక్కింది ఒక్కసారి, అదీ గొలుసు ఊడినందుకు.

"వెనకాలే ఉంటానండీ," అన్నాను.